ఆజ్ఞ, సంబోధన: తెలుగు క్రైస్తవ కీర్తనపై ఒక పరిశీలన

తెలుగు సాహిత్య చరిత్ర గ్రంథాల్లో క్రైస్తవ కీర్తనకు దక్కిన చోటు చాలా తక్కువ. వ్యాకరణాలూ నిఘంటువులూ కూర్చిన పాశ్చాత్యుల పేర్లు వాటిలో కనిపిస్తాయి. బైబిలు అనువాదాల ప్రస్తావన ఉంటుంది. జాషువ 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందన్న సమాచారం ఉంటుంది. కాని నూట యాభై ఏళ్లుగా జనం నోట నిలిచిన కీర్తనలను సాహిత్యంగా చదివి చూసినవారు కొద్దిమందే. ఆర్. ఆర్. సుందరరావు గారు తెలుగు క్రైస్తవ కీర్తనల్లోని భక్తి తత్త్వంపై 1983లో ఆంగ్లంలో వెలువరించిన గ్రంథం అటువంటి అరుదైన ప్రయత్నాల్లో ఒకటి.

రాష్ట్రేతర ప్రాంతాల్లోని మన విద్యార్థులకు ఈ విషయం మరింత దగ్గరిది. బరంపురంలో, చెన్నైలో, బళ్లారిలో, సోలాపూర్‌లో, యానాంలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. అటువంటి కొన్ని ఇళ్లలో తెలుగు పుస్తకాలంటే బైబిలూ, కీర్తనల పుస్తకమూ మాత్రమే. బడిలో వేరే భాష చదివిన పిల్లలకు తెలుగు అక్షరం సరిగా రాకపోయినా కీర్తన నోటికి వస్తుంది. తరగతిలో భక్తి సాహిత్యం పాఠం జరిగేటప్పుడు అన్నమయ్య, రామదాసు, త్యాగయ్యల పేర్లు వస్తాయి. తనకు నోటికి వచ్చిన పాటలు ఈ పాఠంలో చేరుతాయో లేదో తెలియక ఆ విద్యార్థి మాట్లాడడు. అవి మతప్రచారానికి సంబంధించినవనుకొని మిగిలినవారూ అడగరు. ఈ మౌనాన్ని కొంతైనా తొలగించాలన్నది మా ఉద్దేశం.

క్రైస్తవ విశ్వాసమంటే నియమాల పట్టిక కాదని, దేవునితో వ్యక్తికి ఏర్పడే సంబంధమని ప్రసంగాల్లో తరచు వింటూ ఉంటాం. ఆ మాట సత్యాసత్యాలను తేల్చడం సాహిత్య విమర్శ పని కాదు. అయితే ఆ మాట తెలుగులో ఏ రూపాల్లో పలికింది, ఎక్కడ పలకలేకపోయింది అన్నది విమర్శకు సంబంధించిన ప్రశ్నే. ఆ ప్రశ్నను ప్రధానంగా పురుషోత్తమ చౌదరి కీర్తనల ఆధారంగా ఇక్కడ పరిశీలిస్తాం.

ముందుగా కీర్తనకు వెనక ఉన్న వచనాన్ని చూడాలి. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు తెలుగు గడ్డమీద పుట్టినవి కావు. మద్రాసులో తెలుగు నేర్చుకొన్న జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ స్వదేశానికి తిరిగి వెళ్లిన తరువాత అవి జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చయ్యాయి. లూథర్ చిన్న ప్రశ్నోత్తరి 1746లో తెలుగులో వెలువడింది. ఈ ప్రశ్నోత్తరిలో మొదట వచ్చేవి పది ఆజ్ఞలు. ప్రతి ఆజ్ఞకూ అర్థమేమిటన్న ప్రశ్న, దాని వెంట జవాబు ఉంటాయి. ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటుంది. సిద్ధాంతం కంటే హృదయానుభవం ముఖ్యమని, దేవునితో ప్రతి మనిషికీ సజీవమైన అనుబంధం ఉండాలని వాదించిన భక్తివాద ఉద్యమానికి ఆ కాలంలో హాలేయే కేంద్రం. స్పీనర్ 1675లో ప్రకటించిన గ్రంథంతో బలపడిన ఆ ఉద్యమాన్ని హాలేలో ఫ్రాంకే విద్యాసంస్థల రూపంలో నిలిపాడు. హృదయం గురించి అంతగా మాట్లాడిన ఊరి నుంచి తెలుగువారికి తొలి దశలో అందినదాంట్లో ప్రశ్నోత్తరి ఉండడం ఆలోచించదగ్గ సంగతి.

దీన్ని దోషంగా చెప్పడం లేదు. కొత్త మతంలోకి వచ్చినవారికి బోధించడానికి ప్రశ్నోత్తరి అనువైన పనిముట్టు. పైగా లూథర్ వివరణల్లో 'నేను', 'నన్ను' అనే మాటలు లేకపోలేదు. సృష్టి గురించి చెప్పేచోట కూడా ఆయన దాన్ని తన సొంత బ్రతుకుకు అన్వయించుకొనే చెప్పాడు. అయినా ప్రశ్నోత్తరి స్వభావం వేరు. అడిగేవాడికి జవాబు ముందే తెలుసు. చెప్పేవాడు దాన్ని కంఠస్థం చేసి ఒప్పగించాలి. ఇద్దరి మధ్య దేవుడు ప్రథమ పురుషలో, అంటే 'ఆయన'గా ఉంటాడు. సంభాషణ దేవుని గురించి నడుస్తుంది గాని దేవునితో నడవదు.

ఈ భేదం బైబిలులోనే ఒక కథలో బాగా కనిపిస్తుంది. లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానం అందరికీ తెలిసినదే. ఆస్తి పంచుకొని దూరదేశం పోయి, అంతా పాడుచేసుకొని తిరిగి వచ్చిన చిన్నవాడు తన తప్పు ఒప్పుకొనేటప్పుడు మొదట పలికే మాట 'తండ్రీ' అన్నది. ఇంట్లోనే ఉండి పొలం పని చేసిన పెద్దవాడు లోపలికి రాక బయటే నిలబడతాడు. ఇన్నేళ్లు సేవ చేశానని, ఒక్క ఆజ్ఞనైనా మీరలేదని లెక్క చెబుతాడు. అతని మాటల్లో ఎక్కడా 'తండ్రీ' అన్న సంబోధన లేదు. తమ్ముణ్ణి తమ్ముడని కూడా అనడు, నీ కొడుకని తండ్రికి అంటగడతాడు. తండ్రి మాత్రం ఇతణ్ణి కుమారుడా అని పిలిచి, వచ్చినవాడు 'నీ తమ్ముడు' అని గుర్తుచేస్తాడు. నియమం తప్పనివాడికి సంబంధం ఎట్లా తప్పిపోయిందో కథ వ్యాఖ్యానం లేకుండా, కేవలం పిలుపుల ద్వారా చెబుతుంది. ఈ రెండు పిలుపులను విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ఒకటి 'తండ్రీ', రెండోది 'నీ తమ్ముడు'. మన చర్చ అంతా వీటి చుట్టూనే నడుస్తుంది.

పురుషోత్తమ చౌదరి (1803 - 1890) అప్పటి గంజాం ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. ఒడిశాలో తెలుగు చదువుతున్నవారు ఆయనను తమ ప్రాంతపు కవిగా భావించుకోవడంలో తప్పులేదు. ఆయన కీర్తనలు నూటికి పైగా ఉన్నాయి. వాటిలో చాలావాటిని తెలుగు సంఘాలు నేటికీ పాడుకొంటున్నాయి.

ఆయన చేసిన పని స్థూలంగా చెప్పాలంటే ఇది: పల్లవి, చరణాలు, రాగం, తాళం ఉన్న సంప్రదాయ కీర్తన రూపాన్ని యథాతథంగా తీసుకొని, అందులో క్రీస్తును సంబోధించాడు. 'త్రాహిమాం' అన్న మాటతో మొదలయ్యే ఆయన ప్రసిద్ధ కీర్తనను ఉదాహరణగా తీసుకోవచ్చు. రక్షించమని వేడే ఆ సంస్కృత పదం శరణాగతి స్తోత్రాల నుంచి వచ్చింది. వెంటనే 'నాథ' అన్న పిలుపు వస్తుంది. తరువాత 'దేహి' అన్న మాట. ఉపనయనమైన వటువు గడప ముందు నిలబడి భిక్ష అడిగేటప్పుడు పలికే మాట అది. ఆ ఆచారంలో పెరిగిన మనిషి, ఆచారాన్ని విడిచి వచ్చిన తరువాత కూడా, చేయి చాచడానికి ఆ మాటనే ఎన్నుకొన్నాడు. ఆచారంలో నియమంగా ఉన్న మాట కీర్తనలో నిజమైన అవసరంగా మారింది. పాదాలే దిక్కని చేరడం తప్ప తనకు వేరే అర్హత లేదన్న భావం పల్లవిలోనే స్థిరపడుతుంది.

పల్లవి ప్రతి చరణం తరువాత తిరిగి వస్తుంది. దీనికి సంగీత ప్రయోజనం ఒక్కటే కాదు, భావ ప్రయోజనం కూడా ఉంది. చరణంలో కవి ఎంత దూరం వెళ్లినా, తన దోషాలు ఎన్ని ఏకరువు పెట్టినా, మళ్లీ పిలుపు దగ్గరకు రాక తప్పదు. ప్రశ్నోత్తరిలో జవాబు చెప్పగానే ప్రశ్న ముగుస్తుంది. కీర్తనలో పిలుపు ముగియదు. సంబంధమన్న భావానికి ప్రశ్నోత్తరి కంటే కీర్తన ఎక్కువ అనువుగా ఉండడానికి ఇది ముఖ్య కారణమని మా అభిప్రాయం.

సంబోధన గురించి మరొక విషయం చెప్పాలి. రెండు భాషల మధ్య బ్రతికే మన విద్యార్థులు దీన్ని ఇతరుల కంటే త్వరగా గ్రహించగలరు. తెలుగు బైబిలులో యేసు గురించి చెప్పేటప్పుడు 'ఆయన' అని గౌరవ వాచకం వాడతారు. ప్రార్థనలో మాత్రం దేవుణ్ణి 'నీవు' అంటారు. పరలోక ప్రార్థనలో వచ్చేది 'నీ' నామమే గాని 'మీ' నామం కాదు. మన ఇళ్లలో తండ్రిని 'మీరు' అని పిలిచే పిల్లలు కూడా ప్రార్థనలో 'నీవు' అనే అంటారు. అదే ప్రార్థన తమిళంలో 'నీర్' అన్న మధ్యస్థ గౌరవ రూపంతో నడుస్తుంది. ఒడియాలో కూడా 'తుంభే' అన్న గౌరవ రూపమే. మరాఠీలో 'తూ', కన్నడంలో 'నీను' వాడతారు. అందువల్ల ఒకే దేవుణ్ణి ఒకే పిల్లవాడు బడి భాషలో ఒక దూరం నుంచి, ఇంటి భాషలో మరొక దూరం నుంచి పిలవడం జరగవచ్చు. ఏది ఎక్కువ భక్తి అన్న ప్రశ్న అనవసరం. తెలుగులో ఈ 'నీవు' క్రైస్తవులు కొత్తగా తెచ్చినది కాదు. రామదాసు రాముణ్ణి నిలదీసినప్పుడు, త్యాగయ్య అలిగినప్పుడు వాడినదీ ఇదే. చౌదరి ఆ చనువును వారసత్వంగా అందుకొన్నాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. అట్లా అయితే ఇది పేరు మార్చిన వైష్ణవ భక్తి మాత్రమే కదా, ఇందులో కొత్తదనమేమిటి అని. ఈ ఆక్షేపణను తేలికగా కొట్టివేయలేం. పదజాలంలో పోలిక చాలా ఉంది. కాని రెండు తేడాలు గమనించాలి. మొదటిది, అన్నమయ్య పదాల్లో విస్తారంగా కనిపించే శృంగారం ఈ కీర్తనల్లో దాదాపు లేదు. ఇక్కడి దుఃఖం విరహం వల్ల పుట్టినది కాదు, తప్పు చేశానన్న ఎరుక వల్ల పుట్టినది. రెండవది, ఈ చనువుకు ఆధారం సిలువ అనే ఒక నిర్దిష్ట సంఘటన. తనను క్షమిస్తాడని భక్తుడు నమ్మడానికి కారణం తన సాధన కాదు, ఆ సంఘటన. అందుకే కీర్తనల్లో వేడుకోలు పక్కనే కథనం ఉంటుంది. రూపం పాతదే అయినా అందులోని 'నేను' నిలబడిన చోటు వేరు.

ఇతర భాషల్లోనూ ఇటువంటి ప్రయత్నాలు జరిగాయి. తంజావూరు వేదనాయగ శాస్త్రి (1774 - 1864) తమిళంలో క్రైస్తవ కీర్తనలు రచించాడు. మరాఠీ కవి నారాయణ్ వామన్ టిళక్ (1861 - 1919) తుకారాం అభంగ రూపాన్ని క్రీస్తు భక్తికి వాడుకొన్నాడు. మహారాష్ట్రలోని విద్యార్థులు టిళక్‌నూ చౌదరినీ పక్కపక్కన పెట్టి చదివితే మంచి తులనాత్మక వ్యాసం తయారవుతుంది.

అయితే ఆంగ్ల కీర్తనల అనువాదాల్లో ఈ సహజత్వం చాలాచోట్ల నిలవలేదు. పాశ్చాత్య బాణీ ఎక్కడ సాగితే అక్కడ తెలుగు హ్రస్వాన్ని దీర్ఘంగా పాడక తప్పదు. తెలుగులో హ్రస్వ దీర్ఘాల తేడా అర్థాన్నే మార్చేస్తుంది. 'కల' 'కాల'మైతే మాట మిగలదు. భావం సంబంధం గురించే అయినా, పాడేవాడికి అది అప్పజెప్పిన పాఠంలా వినిపిస్తుంది. నియమాన్ని వద్దన్న పాట మరొక నియమానికి లోబడింది. దీన్నిబట్టి నియమం ఉండడమే దోషం కాదని కూడా తెలుస్తుంది. చౌదరి కీర్తనకూ తాళం ఉంది, ప్రాస ఉంది. ఆ నియమాలు భాషలో నుంచి వచ్చినవి కనుక పిలుపుకు అడ్డురాలేదు.

ఇంతవరకు చెప్పినది మొదటి పిలుపు గురించి. ఇక రెండోదానికి వద్దాం. ఒంగోలు ప్రాంతంలో 1876 - 78 నాటి కరువు తరువాత, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. నియమమన్న మాటకు వారి అనుభవంలో ఉన్న అర్థం ప్రశ్నోత్తరిలోని అర్థం కాదు. ఏ బావిలో నీళ్లు తోడకూడదో, ఏ వీధిలో నడవకూడదో, ఏ గుడి గడప తొక్కకూడదో చెప్పేది నియమం. అటువంటి మనిషి మధ్యవర్తి లేకుండా 'నా దేవా' అనగలగడం మతానుభవం మాత్రమే కాదు, సామాజిక సంఘటన కూడా. చదువు అందనివారికి ఆ మాటను అందించగలిగినది పాటే.

కాని గుడి గడప దగ్గర మొదలైన ఆ కథ ప్రార్థన మందిరంలో సుఖాంతమైందని చెప్పలేం. సంఘాల్లో చేరిన తరువాత కూడా కులం వెంట వచ్చింది. జాషువ 1941 నాటి 'గబ్బిలం'ను ఈ సందర్భంలో మళ్లీ చదవాలి. అది క్రైస్తవ కావ్యం కాదు. అందులోని అరుంధతీసుతుడు కాశీ విశ్వనాథుడికి తన గోడు విన్నవించుకోవాలి. మనిషికి మూసిన గుడిలోకి గబ్బిలం పోగలదు కనుక దాని చేత సందేశం పంపుతాడు. చౌదరి దేవుణ్ణి నేరుగా పిలిచాడు. జాషువ నాయకుడికి ఆ వీలు లేక గబ్బిలాన్ని బతిమాలవలసి వచ్చింది. సంబోధన హృదయంలో మాత్రమే పుట్టదని, దానికి నిలబడే చోటు కూడా కావాలని ఈ పోలిక తెలియజేస్తుంది. ఆ చోటు ఇవ్వవలసినది దేవుడొక్కడే కాదు, తోటివాడు కూడా.

ఈ దృష్టితో చూస్తే మన క్రైస్తవ కీర్తన సంప్రదాయంలో ఒక లోటు కనిపిస్తుంది. 'తండ్రీ' అన్న పిలుపును అది ఎంతో సమర్థంగా పలికింది. 'నీ తమ్ముడు' అన్న మాట అందులో అరుదు. 'నేను', 'నీవు' అన్న రెండు సర్వనామాలతోనే పాట పూర్తవుతుంది. పక్కన కూర్చున్నవాడు పాటలోకి రాడు. ఇటీవలి పాటల్లో ఈ ధోరణి ఇంకా పెరిగింది. పాత కీర్తనలోని 'నేను' తప్పు ఒప్పుకొనే మనిషి. ఇప్పటి చాలా పాటల్లోని 'నేను' ఆరోగ్యం, అభివృద్ధి, శత్రువులపై గెలుపు కోరే మనిషి. 'నీవు' ఇచ్చే చేయిగా మాత్రమే మిగులుతున్నాడు. అన్ని పాటలూ ఇట్లాగే ఉన్నాయని మేము అనడం లేదు. కాని సంబంధమన్న మాటను తరచు వాడే కాలంలోనే ఆ మాట పలచబడుతున్నదని చెప్పక తప్పదు.

కాబట్టి విశ్వాసం నియమం కాదు, సంబంధం అన్న వాక్యాన్ని సాహిత్యం అర్ధభాగం మాత్రమే ధ్రువపరుస్తున్నదని మా నిర్ణయం. లెక్క ఒప్పజెప్పే భాష సంబంధాన్ని పలకలేదన్నది నిజం. పెద్ద కొడుకు మాటలే దానికి సాక్ష్యం. కాని దేవునితో సంబంధం తోటివాడితో సంబంధాన్ని మినహాయించుకొన్నప్పుడు అది కూడా ఒక రకమైన లెక్కగానే మారుతుంది. లూకా కథలో పెద్ద కొడుకు చివరకు ఇంట్లోకి వచ్చాడో లేదో చెప్పలేదు. ఆ తలుపు దగ్గర ఆగిన కథను ముందుకు నడిపే కీర్తన తెలుగులో ఇంకా రావలసి ఉంది.

విద్యార్థులకు ఒక సూచనతో ముగిస్తాం. మీ ఇంట్లో గాని, మీ స్నేహితుల ఇంట్లో గాని ఉన్న కీర్తనల పుస్తకాన్ని తరగతికి తీసుకురండి. పది కీర్తనలు ఎన్నుకొని వాటిలోని సంబోధనలను వేరుగా రాసుకోండి. దేవుణ్ణి ఏయే పేర్లతో పిలిచారు, 'నేను' ఎక్కడ వచ్చింది, 'మేము' ఎక్కడ వచ్చింది, పొరుగువాడు ఎక్కడైనా కనిపించాడా అన్నది గుర్తించండి. తెలుగు లిపి చదవడం కష్టమైనవారు పాట పాడి వినిపిస్తే మరొకరు రాసి పెట్టవచ్చు. ఈ పనికి క్రైస్తవులై ఉండవలసిన అవసరం లేదు. అన్నమయ్యను చదవడానికి వైష్ణవులమై ఉండాలని మనం ఎన్నడూ అనుకోలేదు కదా.